అమావాస్య నాడు మగ్గమెక్కిన యువరాజు

కర్నూలు కొండారెడ్డి బురుజు ఎదుట, తోపుడుబండి పక్కన నిలబడి బొరుగుల ఉగ్గాని తింటూ సుందరం చనిపోయాడు.

పొట్లంలో ఉగ్గాని ఇంకా సగం మిగిలి ఉంది. మెడ వెనుక, చొక్కా కాలరుకు కాస్త పైన, దోమ కుట్టినంత ఎర్రటి చుక్క ఉంది. బండివాడు గుండెపోటన్నాడు. పోలీసులు వడదెబ్బ అన్నారు. మే నెలలో కర్నూలులో ఏ చావుకైనా ఆ మాట సరిపోతుంది కనుక ఎవరూ మారు ప్రశ్న వేయలేదు.

సుందరం కస్టమ్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. రిటైరైన తరువాత పేరు చెప్పుకోని మరొక శాఖకు సమాచారం అందిస్తూ వచ్చాడు. నేలకూలడానికి ముందు అతని ఫోన్ నుంచి ఆ శాఖకు ఒక మెసేజ్ వెళ్ళింది.

"తిరిగొచ్చిన శాంపిళ్ళు. అమావాస్య."

ఆ మెసేజ్ కారణంగానే ఏజెంట్ రబ్బానీ ఆ మధ్యాహ్నం కర్నూలులోనే నంద్యాల చెక్‌పోస్టు దగ్గరున్న ఒక విత్తనాల కంపెనీ మెట్లెక్కాడు. ఆ కంపెనీ పుట్టిన నాటినుంచి ఒక్క గింజ కూడా అమ్మలేదు.

"పత్తి విత్తనాలు ఉండాయా?" అని అడిగాడు రబ్బానీ.

"మొలకెత్తేవి లేవు," అన్నాడు గుమాస్తా. అదే కోడ్. తలుపు తెరుచుకుంది.

లోపల చీఫ్ కృష్ణవేణమ్మ గోడమీది మ్యాప్ ముందు కూర్చుని ఉంది. ఆమె ముప్పై ఏళ్ళుగా విదేశీ ముఠాలతో తలపడుతోంది. ఆ అనుభవం వల్ల ఆమెకు ఎవరిపైనా కోపం రాదు. చిన్నచూపు మాత్రమే మిగిలింది.

"మర్వీనా ఎక్కడుందో తెలుసా?"

"హిందూ మహాసముద్రంలో, మేడమ్. మ్యాప్ మీద ఈగ వాలితే కనబడదు."

"ఆ ఈగ కింద ఆయిల్ ఉంది. అందుకే దానికింకా రాజు ఉన్నాడు. ఉన్నాడు కాదు, ఉండేవాడు. ముసలి రాజు పోయాడు. పట్టాభిషేకానికి ముందే జనం అడ్డం తిరిగారు. మాకు కిరీటం కావాలా, రిపబ్లిక్ కావాలా, మమ్మల్నే అడగండి అన్నారు. వచ్చే ఆదివారం రెఫరెండం. ఏ సర్వే చూసినా రిపబ్లిక్‌దే గెలుపు."

"యువరాజు?"

"ఆల్డ్రిక్. ఈ సాయంత్రం ఓర్వకల్లు ఎయిర్‌పోర్టులో దిగుతాడు. ఆయిల్ బావి తవ్వాలంటే బెరైటీస్ పొడి కావాలి. బెరైటీస్ అంటే మన మంగంపేట. గని చూసి, ఒక ఒప్పందం మీద సంతకం పెట్టి, నేను కూడా పని చేస్తానని ప్రజలకు చూపించుకోవాలని ఆయన ఆశ. నలభై ఏళ్ళ వయసులో ఆయన చేయబోయే మొదటి పని ఇది."

"రిపబ్లిక్ పక్షం వాళ్ళు ఆయన్ను చంపాలనుకుంటున్నారా?"

కృష్ణవేణమ్మ అతనికేసి జాలిగా చూసింది.

"నువ్వు కూడా అలాగే అనుకున్నావు చూశావా? లోకమంతా అలా అనుకోవాలనే ప్లాన్. రిపబ్లిక్ వాళ్ళు ఎలాగూ గెలుస్తున్నారు, వాళ్ళకు హత్య దేనికి? చంపేది రాజభవనం మనుషులే. క్రౌన్ సర్కిల్ అని ఒక ముఠా. దాని నాయకుడు యువరాజు పినతండ్రి. ఆయిల్ హక్కులన్నీ రాజముద్రతో పొందారు, పార్లమెంటు ఆమోదం లేదు. రిపబ్లిక్ వస్తే ఆ కాగితాలు తిరగేస్తారు. కాబట్టి రాచరికం నిలబడాలి. కానీ ఆల్డ్రిక్ బతికుండగా అతన్ని చూసి ఎవరూ ఓటు వేయరు. చస్తే వేస్తారు. జాలి ఓట్లు శవానికి పడతాయి, నేరం రిపబ్లిక్ మీద పడుతుంది, కిరీటం పినతండ్రి నెత్తిమీద పడుతుంది."

"రాచరికాన్ని బతికించడానికి రాజును చంపుతారన్నమాట."

"రాచరికం ఎప్పుడూ చేసిన పనే అది. నీ మిషన్ విను. ఆయన మన గడ్డమీద చావకూడదు. బతికి వెళ్ళి, తన దేశంలో, తన జనం ఓట్లతో ఓడిపోవాలి. ఆయన్ను దించే హక్కు ఆ జనానిది. దాన్ని ఒక బాంబు లాక్కోకూడదు. నువ్వు కాపాడేది ఆ మనిషిని కాదు రబ్బానీ, ఆ ఆదివారాన్ని."

యువరాజుకు పెట్టిన కోడ్ పేరు 'పాత సోఫా'. హాల్లో సగం ఆక్రమిస్తుంది, ఎవరూ కూర్చోరు, పారేయడానికి మాత్రం ఇంట్లో ఎవరికీ మనసొప్పదు అని వివరణ ఇచ్చింది కృష్ణవేణమ్మ.

తరువాత గాడ్జెట్ ఇచ్చారు. చూడటానికి మామూలు చేతి గడియారం. చుట్టుపక్కల పేలుడు పదార్థపు జాడ ఉంటే వణుకుతుంది.

"లోపల మనకు సోర్స్ ఉందా, మేడమ్?"

"ఉంది. శిరీన్. యువరాజు మీడియా సెక్రటరీ. కర్నూలులోనే పుట్టింది, ఇప్పుడు మర్వీనా పాస్‌పోర్టు. ఏడాదిగా మనకు వార్తలు అందిస్తోంది. దాడి అమావాస్య రాత్రి, గని గెస్ట్‌హౌస్ మీద జరుగుతుందని ఆమె కబురు. సుందరం మెసేజ్‌తో సరిపోయింది. శాంపిళ్ళంటే గని ల్యాబ్ అని ఢిల్లీ తేల్చింది. అమావాస్య అంటే చీకటి, చీకటి అంటే రాత్రి అని కూడా ఢిల్లీయే తేల్చింది. కమాండోలంతా నైట్‌విజన్ గాగుల్స్‌తో గని దగ్గరుంటారు. పగలంతా సోఫాతో నువ్వొక్కడివే."

"మీరేమంటారు?"

"ఢిల్లీకి తేల్చడం వచ్చు. తెలుసుకోవడం రాదు. కళ్ళు తెరుచుకుని ఉండు."

*

ఆ సాయంత్రం ఓర్వకల్లులో దిగిన యువరాజు ఆల్డ్రిక్ ఛాతీ నిండా పతకాలున్నాయి. అందులో సగం నౌకాదళ సేవకు. మర్వీనా నౌకాదళానికి ఉన్నది ఒకే ఓడ. యువరాజుకు సముద్రం పడదు కనుక అది రేవు దాటిందీ తక్కువే.

ఆయన వెనుక శిరీన్ దిగింది. మెట్ల మీద నిలబడి ఒకసారి గాలి పీల్చి నల్లకళ్ళద్దాలు తీయగానే, అక్కడున్న ఫోటోగ్రాఫర్లందరూ యువరాజును మరచిపోయారు. తెల్ల యూనిఫారంలో, నేమ్‌ప్లేటు మీద 'దాదా ఖలందర్' అన్న దొంగపేరుతో కారు తలుపు పట్టుకున్న రబ్బానీ దగ్గరికి వచ్చి, పెదవులు కదలనట్టుగా అంది:

"ఏం ఖలందర్ భాయ్, బాగుండావా? రాత్రికి జాగ్రత్త. పగలు మాత్రం హాయిగా బండి తోలుకో."

"మీరుండంగ నాకేం బాధ మేడమ్?" అన్నాడు రబ్బానీ.

ఆమె నవ్వింది. బ్యాగులోంచి బంగారు రంగు లిప్‌స్టిక్ తీసి అద్దంలో చూసుకుంది. కానీ పూసుకోలేదు. ఆ సంగతి రబ్బానీ గమనించాడు. అందమైన స్త్రీ లిప్‌స్టిక్ తీసి పూసుకోకపోవడం నేరం కాదు కనుక, గమనించి ఊరుకున్నాడు.

బనగానపల్లె మీదుగా కడపకు దారి. వెనుక సీటులోంచి యువరాజు తన దేశ భవిష్యత్తు గురించి ప్రసంగించసాగాడు. వినేవాడు డ్రైవరైనా ఆయనకు అభ్యంతరం లేదు. రెఫరెండం దగ్గర పడ్డాక ఆయన మాట వినేవాళ్ళు బాగా తగ్గిపోయారు.

"దేశానికి పార్టీలకు అతీతంగా ఒకరుండాలి, డ్రైవర్. నాయకులు వస్తారు, పోతారు. రాజు నిలకడ. మీకు రాష్ట్రపతి ఉన్నారు కదా, రాజుకు ఆయనకు తేడా ఏమిటి?"

"ఆయన పదవి అయిపోగానే ఇల్లు ఖాళీ చేస్తాడు సార్."

"నన్ను చిన్నప్పటినుంచి ఈ పని కోసమే పెంచారు. ఎన్నికల్లో గెలిచేవాడికి ఆ శిక్షణ ఎక్కడుంటుంది?"

"ఉండదు సార్. అందుకే పని చేయకపోతే మళ్ళీ గెలవడు."

యువరాజు పతకాలు సరిచేసుకున్నాడు. ఆయన వాదనలో మొదటి సగం నిజంగానే బలమైనదని రబ్బానీకి తెలుసు. పార్టీల కొట్లాటకు పైన ఒక మనిషి ఉండటం మంచిదే. ఆ మనిషి పైకి ఎలా చేరాడన్న ప్రశ్న వచ్చేసరికి వాదన మొత్తం ఊయల చుట్టూ తిరుగుతుంది. ఊయలలో పడుకున్నవాడికి ఏ యోగ్యతా అక్కర్లేదు.

బనగానపల్లెలో రోడ్డు పక్కన నన్నీ బీ అనే ముసలమ్మ మామిడిపండ్లు అమ్ముతోంది. కారు ఆపించి, ఇది రాజులు తిన్న పండేనా అని అడగమన్నాడు యువరాజు. రబ్బానీ అడిగాడు.

"నవాబులు తినిరంట," అంది నన్నీ బీ, పండు కోస్తూ. "వాళ్ళు తిన్నారని పండు తీపెక్కుతాదా ఏంది? నవాబులు పాయిరి. పండు ఉండాది. తీసుకోప్పా."

"ఏమంటోంది?" అన్నాడు యువరాజు.

"నవాబుల గురించి చెబుతోంది సార్," అన్నాడు రబ్బానీ. అది అబద్ధం కాదు.

*

మరునాడు అమావాస్య. ఉదయమే మంగంపేట గని.

నేలలో మైదానమంత గొయ్యి. దాని అంచుల్లో బూడిదరంగు రాయిని పేల్చి, తవ్వి, లారీలకెత్తుతున్నారు. గేటు దాటగానే రబ్బానీ చేతి గడియారం వణకడం మొదలుపెట్టింది. అతను ఉలిక్కిపడి యువరాజు చుట్టూ చూశాడు. ఆ తరువాత కారణం అర్థమైంది. అది గని. రోజూ రాయిని పేలుస్తారు. మందు జాడ గాలిలో ఉంది, ధూళిలో ఉంది, కార్మికుల చొక్కాల మీద ఉంది, ఇప్పుడు యువరాజు బూట్ల మీద, కారు టైర్ల మీద, తన చేతుల మీద కూడా ఉంది. ఇక ఈ రోజంతా గడియారం వణుకుతూనే ఉంటుంది. దేనికి వణుకుతోందో చెప్పలేని గాడ్జెట్‌ను ధరించి ప్రయోజనం లేదు. అతను దాన్ని విప్పి జేబులో వేసుకున్నాడు.

ముఠా ఈ ప్రాంతాన్ని ఎందుకు ఎంచుకున్నదో ఆ క్షణంలో అతను సగం గ్రహించి ఉండాలి. గ్రహించలేదు. అతని బుద్ధి కూడా ఢిల్లీ చెప్పిన రాత్రి దగ్గరే ఆగి ఉంది.

"మధ్యాహ్నం ఒక చిన్న ప్రోగ్రాం," అంది శిరీన్. "పక్కనే పుల్లంపేట. చేనేత. హిజ్ హైనెస్ మగ్గం మీద కూర్చుని నేస్తున్నట్టు ఒక్క ఫోటో. శ్రమజీవి యువరాజు. ఆదివారం లోపల మర్వీనాలో ప్రతి ఫోన్‌లో ఉంటుంది."

"సెక్యూరిటీ?"

"నిన్న సాయంత్రమే మావాళ్ళు ఇల్లంతా చెక్ చేసి వచ్చారు, భాయ్."

పుల్లంపేటలో ఆ వీధి నిశ్శబ్దంగా ఉంది. రబ్బానీ రాయచోటిలో పుట్టినవాడు. చిన్నప్పుడు ఈ ఊళ్ళోని మేనత్త ఇంటికి వచ్చిపోయేవాడు. అతని జ్ఞాపకంలో ఈ వీధికి ఒక శబ్దం ఉంది, ప్రతి ఇంటిలోంచీ వచ్చే టకటక. ఈ రోజు అది లేదు. మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు.

మల్లక్క ఇంటి ముందు గోపన్న అనే స్థానిక నాయకుడు పూలదండతో సిద్ధంగా ఉన్నాడు. గోపన్న ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీలో ఉంటాడు. రాజు కనబడటం అతనికి ఇదే మొదలు. కానీ ఎలా వంగాలో ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

ఇంటి లోపల, కిటికీ పక్కన మగ్గం. నేలలో తవ్విన గుంట, గుంట అంచున కూర్చోవడానికి పలక, అడుగున కాళ్ళతో తొక్కే చెక్కలు. మగ్గం మీద సగం నేసిన ఎర్రంచు చీర ఉంది. దానిపైన తెల్లగుడ్డ కప్పి, పసుపు కుంకుమ పెట్టి ఉన్నాయి. మల్లక్క గుమ్మంలో నిలబడి మొదట యువరాజు ముఖం చూడలేదు, కాళ్ళు చూసింది.

"బూట్లు ఇప్పి రమ్మను నాయనా. మగ్గమున్న ఇల్లిది."

శిరీన్ ఇంగ్లీషులోకి మార్చింది. "మీ బూట్లు చాలా బాగున్నాయంటోంది, యువర్ హైనెస్."

యువరాజు తల పంకించి బూట్లతోనే లోపలికి నడిచాడు. గొప్పవాళ్ళకు దుబాసీలు ఇలాంటి ఉపకారాలు చేస్తూనే ఉంటారని రబ్బానీ తనలో నవ్వుకున్నాడు.

"ఇంక కూర్చుందాం," అంది శిరీన్, తెల్లగుడ్డ మీద చేయి వేస్తూ.

మల్లక్క చటుక్కున ఆ చేయి తీసేసింది. "యాడ కూర్చుంటారు? సూసిపోతారంటేనే గదా నేను సరే అంటి. ఈ పొద్దు అమాస. అమాస పూట మగ్గం ఎక్కం. ఎవుర్నీ ఎక్కనియ్యం."

"ఒక్క ఫోటో మల్లక్కా, రెండు నిమిషాలు," అంది శిరీన్, కర్నూలు యాస తెచ్చుకుని. "నేయొద్దులే. ఊరికే కాళ్ళు పెట్టి తీసేస్తాడు."

"ఎక్కేది ఎక్కేదే. మా మామ ఉన్నెప్పుడు ఎక్కలేదు, మా ఆయన ఎక్కలేదు, కొడుకు ఎక్కలేదు. రేపు రమ్మను. రేపు నేనే నేర్పిస్తా."

గోపన్న దండ ఊపుతూ ముందుకొచ్చాడు. "ఏందీ మల్లక్కా, రాజుగారంత రాజుగారు సముద్రాలు దాటి నీ ఇంటికొస్తే అమాసా గిమాసా అంటావు! ఊరి పరువు పోతాది."

"రాజైతే వాళ్ళూర్లో. అమాస ఎవురికైనా అమాసే గదప్పా. రాజుకని చందమామ ఎక్కువ తక్కువ అయితాడా?"

"నువ్వు మొండిదానివి."

"నువ్వు మెత్తనోడివి. పోయిన ఎలచ్చన్లో సూడలేదా ఏంది?"

అరుగు మీది మగవాళ్ళు ఘొల్లున నవ్వారు. యువరాజు చిరాకు పడ్డాడు. "ఆ స్త్రీ ఏమంటోంది?"

శిరీన్ ఆయన చెవి దగ్గరగా వంగి, తీయగా అంది:

"ఈ రోజు చాలా పవిత్రమైనదట, యువర్ హైనెస్. మామూలు మనుషులెవరూ ఈ రోజు మగ్గం ఎక్కకూడదట. రాజు మాత్రమే ఎక్కవచ్చట. మీరు నిజంగా రాజేనా అని అడుగుతోంది."

యువరాజు ఛాతీ మీది పతకాలన్నీ ఒక్కసారి పైకి లేచాయి.

రబ్బానీ నవ్వు ఆగిపోయింది.

బూట్ల అబద్ధం మర్యాద కోసం. ఈ అబద్ధం దేనికోసం? ఫోటో రేపు కూడా తీయవచ్చు. మల్లక్క రేపు రమ్మంది, నేర్పిస్తానని కూడా అంది. అయినా ఈ రోజే కావాలి. ఈ రోజుకు, రేపటికి తేడా ఏమిటి? ఒక్కటే. రేపు తెల్లవారుజామునే మల్లక్క కొడుకు మగ్గం ఎక్కి ఆ చెక్కలు తొక్కుతాడు. ఈ రోజు తొక్కడు. నిన్న సాయంత్రం మగ్గం దిగినవాళ్ళ తరువాత ఆ చెక్కల మీద మొదటి పాదం మోపేది యువరాజే కావాలి. అది ఈ రోజు తప్ప మరే రోజూ సాధ్యం కాదు.

"మల్లక్కా," అన్నాడు రబ్బానీ మెల్లగా, "నిన్న సాయంత్రం వచ్చినోళ్ళు ఏం చేసిరి?"

"ఏం జేస్తారు? అందర్నీ బయటికి పంపి, గుంట సూసిరి. పెట్టొకటి తెచ్చినారు, రాయి శాంపిలంట. పోతా పోతా చీపురుతో ఊడ్చిపాయిరి గూడా. మగోళ్ళు ఊడిస్తే నాకే సిగ్గాయె."

తిరిగొచ్చిన శాంపిళ్ళు. నాణ్యత చాలలేదని మర్వీనా వెనక్కి పంపిన బెరైటీస్ పెట్టెలు. ఎక్స్‌రే చొరబడలేని బరువైన రాయి అది. పోర్టు స్కానర్‌లో నల్లటి దిమ్మలా తప్ప కనబడదు. దాని నడుమ ఏది దాచినా యంత్రానికి తెలియదు. గని ధూళి ఉన్నచోట ఏ గడియారానికీ తెలియదు. సుందరానికి తెలిసింది. అందుకే సుందరం లేడు.

రబ్బానీ తల తిప్పేసరికి తెల్లగుడ్డ నేలమీద ఉంది. యువరాజు పలకమీద కూర్చుని, బూటు కాళ్ళు రెండూ గుంటలోకి వేలాడదీశాడు. బూటు మడమలకు, చెక్కలకు మధ్య జానెడు ఖాళీ. ఫోటోగ్రాఫర్ లెన్స్ సరిచేసుకుంటున్నాడు. శిరీన్ మర్యాదగా గుమ్మం దాకా వెనక్కి జరిగింది. ఇంకా దూరం జరుగుతోంది.

అరిస్తే యువరాజు ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడినవాడు కాలు కింద పెడతాడు. దూకి లాగితే పెనుగులాడతాడు. బాంబుందని చెబితే నమ్మేందుకు కొంత సేపు పడుతుంది, వాదించేందుకు మరికొంత. ఆ మనిషిని ఆ గుంటలోకి దించినది బుద్ధి కాదు కనుక, బుద్ధితో చెప్పి పైకి తీయడం కుదరదు. దించినదే తీయాలి.

రబ్బానీ చేతులు కట్టుకుని, వినయంగా, తాపీగా ఇంగ్లీషులో అన్నాడు:

"యువర్ హైనెస్, ఒక ప్రోటోకాల్ సందేహం."

"డ్రైవర్‌కు ప్రోటోకాల్ ఏమిటి?"

"క్షమించండి సార్. ఫోటో ప్రపంచమంతా చూస్తుంది కదా అని. ఆ గోపన్న గారి పాదాలు ఎక్కడున్నాయో చూడండి. మీ పాదాలు ఎక్కడున్నాయో చూడండి."

యువరాజు చూశాడు. ఆయన నడుముకు సమానమైన ఎత్తులో, గుంట అంచున, పగిలిన మడమలతో గోపన్న పాదాలున్నాయి. తన రాజపాదాలు వాటికి చాలా కింద, నేల లోపల, మట్టిలో ఉన్నాయి.

"రాజు పాదాలు ప్రజల పాదాల కిందికి దిగాయని రేపు రిపబ్లిక్ వాళ్ళు పోస్టర్ వేస్తారేమో సార్."

యువరాజు మరుగుతున్న నీళ్ళలోంచి తీసినట్టు రెండు కాళ్ళూ పైకి లాక్కుని పలకమీద మఠం వేసుకు కూర్చున్నాడు.

గుమ్మం దగ్గర శిరీన్ ముఖంలో నవ్వు మొదటిసారి చెదిరింది. ఆమె వేగంగా ఆలోచించగల మనిషి. ఒక్క అడుగులో ముందుకొచ్చి, "ఏమీ కాదు యువర్ హైనెస్, నేను సాయం చేస్తాను," అంటూ ఆయన భుజం మీద చేయి వేసింది. మరుక్షణం దేహం బరువంతా ఆ చేతి మీద మోపింది. గుంటలోకి ఆయన పడితే చాలు. తాను తలుపు దాటేందుకు వీలుంటే సరి, లేకపోయినా సరే అన్నంత తెగింపు అందులో ఉంది. యువరాజు పలకమీంచి జారాడు. రబ్బానీ ఆయన కాలరు పట్టుకున్నాడు. పతకాలు రెండు తెగి గుంట అంచున పడ్డాయి. శిరీన్ రెండో చేయి లేపింది, అందులో బంగారు రంగు లిప్‌స్టిక్, దాని కొసన రంగుకు బదులు సూది, ముఠా మనుషులు సుందరం మెడకు గుచ్చినలాంటిది.

ఆ చేయి రబ్బానీ మెడదాకా రాలేదు.

"ఏందే, నువ్వు గూడా దిగుతావా?" అంటూ మల్లక్క ఆమె జడ పట్టుకుని వెనక్కి లాగింది. "ఒకడికి జెప్తే ఇంకొకతి! అమాస అని గొంతు పోయేట్టు జెప్తాండ, మనిషికి అర్థం గాదా?"

శిరీన్ నూలు కండెల బుట్టమీద వెల్లకిలా పడింది. లిప్‌స్టిక్ దొర్లి గోపన్న కాళ్ళ దగ్గర ఆగింది. మర్యాదగా తీసివ్వడానికి వంగాడు గోపన్న.

"ముట్టుకోవద్దు!" అన్నాడు రబ్బానీ. జీవితంలో మొదటిసారి గోపన్న వంగడం మధ్యలో ఆపాడు.

రబ్బానీ యువరాజును మోచేతులు పట్టి బయటికి ఈడ్చి, వీధి మొత్తాన్ని ఖాళీ చేయించి, ఆ తరువాత ఫోన్ తీశాడు.

"సోఫా భద్రం, మేడమ్. సరుకు మగ్గం గుంటలో ఉంది. సోర్స్ మన సోర్స్ కాదు."

అవతల ఒక నిట్టూర్పు. "కమాండోలు రాత్రి కోసం పగలు నిద్రపోతున్నారు. లేపి పంపిస్తాను."

*

శిరీన్ చేసిన పొరపాటు చిన్నది. చేనేతవాళ్ళు అమావాస్య నాడు నేయరని ఆమె తెలుసుకుంది. అంతవరకు సరిగ్గానే తెలుసుకుంది. పట్నంలో పెరిగిన మనిషి కనుక దాన్ని ఆదివారం లాంటి సెలవు అనుకుంది. సెలవు రోజున మగ్గం ఖాళీగా ఉంటుంది, ఇంటివాళ్ళు తీరికగా ఉంటారు, దొరగారు అడిగితే కాదనరు. ఆమె లెక్క ఇది. అది నియమమని, ఇంటివాళ్ళు తమకు తాము పెట్టుకున్నదాన్ని వచ్చినవాడి హోదా చూసి సడలించరని ఆమెకు తట్టలేదు. మల్లక్క ఒప్పుకుని ఉంటే అబద్ధం అవసరమయ్యేది కాదు. అబద్ధం లేకపోతే రబ్బానీకి అనుమానం వచ్చేది కాదు. రాజులు లేని చోట కూడా నియమాలుంటాయన్న సంగతి రాజభవనంలో ఎవరూ ఆమెకు చెప్పలేదు.

బాంబు తీసేశారని తెలిశాక, కారులో కూర్చున్న యువరాజు మొదట అడిగిన ప్రశ్న ఇది: "ఆ ముసలి స్త్రీ నా అనుమతి లేకుండా నా సెక్రటరీని ఎలా తాకింది?"

"మీ సెక్రటరీ మిమ్మల్ని చంపబోయింది సార్. మీ పినతండ్రి చెబితే."

యువరాజు ముఖంలో బాధ గాని, ఆశ్చర్యం గాని కనబడలేదు.

"వారసత్వ క్రమంలో ఆయన నా తరువాతివాడు," అన్నాడు. "ఒకవిధంగా అది సహజమే. మా తాతగారు కూడా అలాగే రాజయ్యారు."

రబ్బానీ అద్దంలోంచి ఆయన్ను చూశాడు. రాచరికానికి వ్యతిరేకంగా ఇంతకు మించిన ప్రసంగం రిపబ్లిక్ పక్షం వాళ్ళు కూడా చేసి ఉండరు. చేసినవాడికి మాత్రం అది తెలియలేదు.

"డ్రైవర్, నేను నిజంగా చనిపోయి ఉంటే గెలిచేవాళ్ళమా?"

"గెలిచేవాళ్ళు సార్," అన్నాడు రబ్బానీ. "మీరు తప్ప."

ఆదివారం మర్వీనాలో జనం ఓటు వేశారు. రిపబ్లిక్ గెలిచింది. రాజముద్ర మ్యూజియానికి, పినతండ్రి జైలుకు వెళ్ళారు. మ్యూజియంలో వెలుతురు ఎక్కువని పత్రికలు రాశాయి. కర్నూలులో కృష్ణవేణమ్మ 'పాత సోఫా' ఫైలు మూసి, సుందరం మరణ కారణం దగ్గర వడదెబ్బ అన్న మాటను కొట్టివేసి, అసలు మాట రాసింది.

కొన్నాళ్ళకు ఒక మెయిల్ వచ్చింది. మర్వీనా పౌరుడు ఆల్డ్రిక్ తన ప్రాణం దక్కిన ఆ మగ్గం మీది చీరను జ్ఞాపికగా కోరుతున్నాడు. వెంటనే పంపించాలట. 'వెంటనే' కింద రెండు గీతలున్నాయి.

రాయచోటి పోతూ రబ్బానీ పుల్లంపేటలో ఆగాడు. వీధి నిండా టకటక. మల్లక్క మగ్గం మీద ఉంది. విషయం విన్నాక కూడా చేయి ఆపలేదు.

"ఎవురు? ఆ బూట్లాయనా?"

"ఆయనే మల్లక్కా. తొందరగా కావాలంట."

"ఈ చీర సోమక్క కూతురిది. దీని తరువాత ఓబులమ్మది, ఆ తరువాత రైల్వేకోడూరు టీచరమ్మది. వరసలో ఉండమను."

"వరసలో ఉండే అలవాటు ఆయనకు లేదు, అక్కా."

మల్లక్క నూలు నడిపే నాడెను ఇటునుంచి అటు విసిరింది.

"ఇప్పుడు రాజు గాదంటివి గదా నాయనా. అలవాటైతాది లే."